తీసి ఉంచమన్న పంచాంగం

2006 జూన్‌లో నన్ను గుంటూరు ఆఫీసు నుంచి ఒంగోలు శాఖకు మార్చారు. హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. పేరు ఘనంగానే ఉంటుంది గాని, మా కంపెనీ అమ్మిన కంప్యూటరు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి బస్సో రైలో పట్టుకుని పరిగెత్తడమే పని. నా పైన ఒక బ్రాంచి మేనేజరు, కింద ఇద్దరు జూనియర్ ఇంజనీర్లు. ఒంగోలు నుంచి చీరాల దాకా ఉన్న ఖాతాదారులంతా నా వంతుకు వచ్చారు. గ్రానైటు ఆఫీసులు, పొగాకు గోదాములు, వేటపాలెం జీడిపప్పు యూనిట్లు, ఇవి కాక కొన్ని ప్రింటింగ్ ప్రెస్సులు. ఎండాకాలంలో గ్రానైటు వాళ్ళ దగ్గరికీ, జీతాల ముందు రోజుల్లో గోదాముల వాళ్ళ దగ్గరికీ వెళ్ళకుండా తప్పించుకోవడం అనే విద్య ఒకటి ఉంది. అది మాత్రం నాకు చివరిదాకా పట్టుబడలేదు.

అంతకు రెండేళ్ళ ముందే మా కంపెనీ కొత్త మిషన్లలో విండోస్‌కు బదులు లినక్స్ వేసి ఇవ్వడం మొదలుపెట్టింది. లైసెన్సుల గొడవ ఉండదు, వైరస్ బెడద తక్కువ. ఖాతాదారులకు మాత్రం అంతా కొత్త. అందులో ఏ ప్రోగ్రామైనా ప్యాకేజీ రూపంలో వస్తుంది. ప్యాకేజీ అంటే ప్రోగ్రాం ఒక్కటే కాదు. దాని ఫైళ్ళు ఏవి ఎక్కడ ఉండాలో చెప్పే జాబితా, అది నడవడానికి ఇంకా ఏయే ప్యాకేజీలు కావాలో చెప్పే చీటీ కూడా అందులోనే ఉంటాయి. వీటన్నిటి అజమాయిషీ చూసేదాన్ని ప్యాకేజీ మేనేజరు అంటారు. పెళ్ళికి సామాను అద్దెకిచ్చే షామియానా వాడి పద్ధతే దీనిదీ. తెచ్చినవి లెక్కగా దించుతుంది, పొమ్మంటే తెచ్చినవి లెక్కగా తీసుకుపోతుంది. ఆ ఇంటివాళ్ళ చెంబు జోలికి రాదు.

పొమ్మనడంలో రెండు రకాలున్నాయి. మెనూలో ఒకటి ‘తొలగించు’, దాని కిందే ‘పూర్తిగా తొలగించు’. మొదటిది నొక్కితే ప్రోగ్రాం పోతుంది గాని, దానికోసం మనం చేసుకున్న అమరికలు సిస్టం ఫోల్డరులో అలాగే ఉంటాయి. మళ్ళీ ఎప్పుడైనా పిలుస్తామేమోనని ఆ మర్యాద. రెండోది నొక్కితే ఆ అమరికలు కూడా ఊడ్చుకుపోతాయి. నల్ల తెర మీద కమాండ్లు టైపు చేసేవాళ్ళు దీన్నే పర్జ్ అంటారు. నేను పుట్టుకతోనే రెండో పార్టీ. సగం తీసి సగం వదిలే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు పాత ప్రోగ్రాముల మురికి కడిగితే గాని అసలు పని మొదలుపెట్టేదాన్ని కాదు. మా జూనియర్లు నా వెనక నన్ను ‘ఫినాయిలు మేడం’ అనేవారట. ఆ సంగతి తెలిసి నాకు లోలోపల సంతోషమే కలిగింది.

ఇక వేటపాలెం సంగతి. అక్కడ స్టేషనుకు దగ్గర్లో మస్తాన్ వలి గారి ప్రెస్సు ఉండేది. ఒక కంప్యూటరు, ఒక ఆఫ్‌సెట్ మిషను, తాతల నాటి తొక్కుడు మిషను ఒకటి, పక్కనే జీడిగింజలు కాల్చే యూనిట్ నుంచి వచ్చే కమ్మటి వాసన. ఓనరూ ఆయనే, టైపు చేసేదీ ఆయనే. నలభై అయిదేళ్ళ మనిషి, నిలబడి మాట్లాడితే నాటకం వేస్తున్నట్టుండేది. శుభలేఖలు, జీడిపప్పు డబ్బాల లేబుళ్ళు, ఏడాదికొకసారి విశ్వనాథ శర్మ గారి పంచాంగం, ఇవీ ఆ ప్రెస్సు పనులు.

శర్మ గారు ఆ ఊరి సిద్ధాంతి. డెబ్భై దాటిన మనిషి. వాళ్ళ నాన్నగారి కాలం నుంచి ఉగాదికి సొంత పంచాంగం వేస్తున్నారు. చిన్న పుస్తకమే. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ముహూర్తం పెట్టాలన్నా, ఏకాదశి ఏ రోజో తేలాలన్నా ఆ పుస్తకమే తిరగేస్తారు. జీడిపప్పు యూనిట్లలో గోడకు వేలాడేదీ అదే. తిథి ఎప్పటిదాకా ఉంది, నక్షత్రం ఎప్పటిదాకా ఉంది అన్నది లెక్క కట్టాలంటే మన ఊరి సూర్యోదయం కావాలి, దాని మీద వాళ్ళ వాళ్ళ సంప్రదాయాన్ని బట్టి కొన్ని సంస్కారాలు చేయాలి. సంస్కారం అంటే ఇక్కడ గణితంలో చేసే సవరణ. శర్మ గారి ఇంటి సవరణలు శర్మ గారివే.

ఈ లెక్క కోసం గుంటూరులో మా ఆఫీసు ప్రోగ్రామర్ ఒకాయన ఒక చిన్న డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాశాడు. దాని పేరు కూడా ‘పంచాంగం’. శర్మ గారు చేతి లెక్క పక్కన పెట్టుకుని, పోల్చి చూసుకుంటూ, ఒక్కో సవరణా అందులో ఎక్కించారు. చేతి లెక్కా మిషన్ లెక్కా ఒక్కటయ్యేదాకా ఆయన వదల్లేదు. అలా సానపట్టిన ప్రోగ్రాంతో అప్పటికి రెండు ఉగాదులు గడిచాయి.

2007 మొదట్లో దాని కొత్త వెర్షన్ వచ్చింది. మెనూలో దాని పేరు ‘పంచాంగం-2’. దాన్ని వేటపాలెంలో పెట్టి అప్పగించే పని నాది. ఇలాంటి మార్పిడికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కన నడపాలి. రెండిటి లెక్కా కలిశాక పాతదాన్ని తీయాలి. అంతకుముందు ముట్టుకోకూడదు. పాతదానిలోని సవరణలు కొత్తదానిలోకి ఇంకా ఎక్కించలేదు. తర్వాతి వారం వచ్చి ఎక్కిస్తానని చెప్పాను.

వచ్చేముందు మస్తాన్ వలి గారికి ప్రోగ్రాములు తీసేయడం నేర్పించాను. అభ్యాసానికి ఆయన మిషన్‌లో ఉన్న పేకాట ప్రోగ్రాంని ఎంచుకున్నాను. ‘పూర్తిగా తొలగించు’ నొక్కించి, అడుగూ బొడుగూ లేకుండా పోయిందని చూపించాను. ఆయన ముఖం వాడిపోయింది. మధ్యాహ్నం కరెంటు ఉండి, పని లేనప్పుడు ఆయనకు ఉన్న ఒక్క కాలక్షేపం అదేనట. నేను జాలిపడలేదు. తీస్తే మొత్తం తీయాలండీ, సగం సగం పనులు నాకు పనికిరావు, కొత్త పంచాంగం కుదురుకున్నాక పాతదానికీ ఇదే వైద్యం అని చెప్పి రైలెక్కాను.

ఆ వారంలోనే శర్మ గారికి కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. కంటికి ఆకుపచ్చ గుడ్డ. రెండో కన్ను అంతకు ముందే మందగించింది. చదవడం, రాయడం కొన్నాళ్ళు వద్దన్నారు డాక్టర్లు. అయినా ఉగాది ఆగదు కదా. అందుకని ఆయన ప్రెస్సుకు వచ్చి కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మస్తాన్ వలి గారు తెర మీద అంకెలు చదివి వినిపించేవారు. సరిగ్గా ఉంటే ఆయన ‘ఊఁ’ అంటారు. లేకపోతే ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం కంటే తిట్టడమే నయమని మస్తాన్ వలి గారు నాతో అన్నారు. కొత్త ప్రోగ్రాం అంకెలు వింటూ ఆయన ఊరుకోవడమే ఎక్కువగా ఉంది. పాతదానితో పోల్చి చూద్దామనుకుని, ఒక రోజు మధ్యాహ్నం ఇంటి నుంచి ప్రెస్సుకు ఫోన్ చేశారు.

“వలీ, ఆ పాత పంచాంగం తీసి ఉంచవయ్యా. భోంచేసి వస్తున్నా.”

మన భాషలో తలుపు తీయడమూ తీయడమే, పన్ను తీయడమూ తీయడమే. శర్మ గారి ఉద్దేశం, పాత ప్రోగ్రాం తెరిచి సిద్ధంగా ఉంచమని. ఇటు తొక్కుడు మిషన్ దడదడలాడుతోంది. దానికి తోడు వారం కిందటే నా ఉపన్యాసం విని ఉన్నారు. కాబట్టి మస్తాన్ వలి గారికి అది తీసేయమన్నట్టే వినిపించింది. పెద్దాయన భోంచేసి వచ్చేలోగా పని ముగించి మెప్పు పొందాలని కూర్చుని, నేను నేర్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పారు. ‘పంచాంగం’ మీద నొక్కారు. ‘పూర్తిగా తొలగించు’ ఎంచుకున్నారు. దీనితోపాటు వచ్చి ఇక అవసరం లేని ప్యాకేజీలు కూడా తీసేయనా అని మిషన్ అడిగింది. అడుగూ బొడుగూ ఉండకూడదని మేడం గారు చెప్పారు కదా అని, దానికీ సరేనన్నారు.

తర్వాత జరిగింది మస్తాన్ వలి గారే ఇద్దరి గొంతులూ మార్చి నాకు నటించి చూపించారు. శర్మ గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

“తీశావా?”

“తీశానండి.”

“ఏదీ, చదువు మరి.”

“ఏం చదవమంటారండీ?”

“పాతదయ్యా. తీశానన్నావుగా.”

“తీసేశాక ఇంకేడుంటదండీ చదవటానికి?”

శర్మ గారు చాలా నెమ్మదిగా, “తీయమంటే తీసేశావా వలీ” అన్నారట. సరిగ్గా అప్పుడే శుభలేఖ కోసం ఒక పెళ్ళివారు లోపలికి వచ్చారు. ఆ దడలో మస్తాన్ వలి గారు వాళ్ళ కార్డు తెరిచారు. తెర నిండా ఖాళీ గళ్ళు. చిరంజీవి లేదు, చిరంజీవి సౌభాగ్యవతి లేదు, సుముహూర్తం లేదు. వధువు తండ్రి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడట.

నాకు ఫోన్ వచ్చేటప్పటికి నేను ఒంగోలులో టీ తాగుతున్నాను. అవతల నుంచి ఒకే మాట.

“మేడం గారూ, తెలుగు మొత్తం పోయిందండీ!”

ఇలాంటి ఫోన్ వచ్చినప్పుడు మేము ముందు చెప్పేది ఒకటే. మిషన్ ముట్టుకోవద్దు. మళ్ళీ పెట్టడం, మళ్ళీ తీయడం, ఏదీ వద్దు. కంగారులో చేసే రెండో పనే అసలు నష్టం తెస్తుంది. అది చెప్పి, ఆయన ఏం నొక్కారో వరసగా చెప్పించుకున్నాను. తెలుగు పోయిన సంగతి నన్ను భయపెట్టలేదు. పాత ప్రోగ్రాం తనకోసం తెలుగు ఫాంటు ప్యాకేజీని వెంట తెచ్చుకుంది. శుభలేఖలు కూడా దాని మీదే బతుకుతున్నాయని ప్యాకేజీ మేనేజరుకు తెలియదు. తెచ్చినవాడు పోయాడు కదా, ఇక దీనితో పనేముందని దాన్నీ సాగనంపింది. కొత్త పంచాంగం తన ఫాంటు తన పొట్టలోనే పెట్టుకుని వచ్చింది కాబట్టి దానికి ఈ గొడవ తగల్లేదు. ఫాంటు నా బ్యాగులో సీడీ మీద ఉంది. పెట్టుకోవచ్చు.

భయమల్లా సవరణల గురించే. అవి సిస్టం ఫోల్డరులోనే ఉంటాయని నేననుకున్నాను. పూర్తిగా తొలగించడమంటే అందులో ఆ ప్రోగ్రాం ఫోల్డరు కూడా పోవడమే. నెలనెలా తీసే బ్యాకప్ సీడీలో శుభలేఖలూ లేబుళ్ళూ ఎక్కించేవాళ్ళం గాని, సిస్టం ఫోల్డరు ఎక్కించేవాళ్ళం కాదు. అందరి పద్ధతీ అప్పట్లో అంతే. శర్మ గారు చేత్తో మొదటి నుంచీ లెక్క కట్టగల మహానుభావుడే. కానీ కంటికి గుడ్డ ఉంది. మాఘమాసం వచ్చేసింది. గణితం ముగిసి, అచ్చయి, కుట్టుపని అయి, ఊళ్ళకు చేరాలంటే ఇంకో వారంలో ప్రెస్సెక్కాలి. సవరణలు దొరక్కపోతే ఆ ఏడు శర్మ గారి పంచాంగం లేనట్టే. మా మేనేజరు కూడా అదే అన్నారు. ఆయన శర్మ గారి పంచాంగం చూసే వాళ్ళమ్మాయి పెళ్ళి నిశ్చయం చేశారు కాబట్టి నాకంటే ఎక్కువ కంగారుపడ్డారు.

దొరికిన పాసింజరు ఎక్కాను. ఎవరో మిరపకాయల బస్తాలు నాలుగు పెట్టెలోకి ఎక్కించి తలుపు దగ్గర పేర్చారు. అవి వద్దని టి.సి. అంటున్నాడు, ఎక్కించినవాళ్ళు దిగిపోతాం దిగిపోతాం అంటూ దిగడం లేదు. రైలు కదిలిందో లేదో పెట్టె మొత్తం తుమ్ములు మొదలయ్యాయి. బయల్దేరేటప్పుడు ఒక్క తుమ్ము వినపడితే మా అమ్మ కాళ్ళు కడుక్కుని కూర్చోమనేది. ఆ రోజు లెక్కన నేను వేటపాలెం చేరకుండా స్నానాలే చేస్తూ ఉండాలి. నా ఎదురు సీటు పెద్దావిడ తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నన్ను ఏ ఊరమ్మా అని అడిగింది. నేను చెప్పేలోపు నాకూ తుమ్ము వచ్చింది.

ప్రెస్సులో పరిస్థితి చావు ఇంట్లోలా ఉంది. తొక్కుడు మిషను ఆపేశారు. మస్తాన్ వలి గారు కంప్యూటరుకి దూరంగా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ముట్టుకోవద్దన్న నా మాటను అంత నిష్ఠగా పాటించిన ఖాతాదారుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. శర్మ గారు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

ముందు ఫాంటు పెట్టాను. శుభలేఖలోకి వధూవరులు తిరిగి వచ్చారు. మస్తాన్ వలి గారు చేతులు ముందుకు తెచ్చుకున్నారు. అప్పుడు ప్యాకేజీ మేనేజరు దాచుకునే చరిత్ర తెరిచి చూశాను. ఏ ప్యాకేజీ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అంతా అందులో ఉంటుంది. ఆయన చెప్పినట్టే జరిగింది. సిస్టం ఫోల్డరులో పంచాంగం పేరున్న ఫోల్డరు కోసం వెతికాను. లేదు. సీడీ మీద నుంచి పాత ప్రోగ్రాంని మళ్ళీ పెట్టి తెరిచాను. శుభ్రంగా తెరుచుకుంది. అతి శుభ్రంగా. ఊరి పేరు దగ్గర ఉజ్జయిని అని ఉంది, సవరణల గళ్ళన్నీ సున్నాలు. రాసినవాడు మొదట పెట్టి పంపిన అమరిక అది.

మస్తాన్ వలి గారు ఒక వారానికి సరిపడా అంకెలు చదివారు. శర్మ గారు ఒక్కదానికీ ఊఁ కొట్టలేదు. చివరికి, “ఉజ్జయినిలో వాళ్ళకి బాగానే ఉంటుందమ్మాయ్. మనం వేటపాలెంలో ఉన్నాంగా” అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు గాని నవ్వు రాలేదు. “మా నాన్నగారు పోయిన ఏడు కూడా ఆగలేదు. మైలలో ఉంటే మా మేనమామ చేత వేయించాను. ఈ ఏడు నా కన్నూ పోయె, ఇదీ పోయె” అన్నారు. మస్తాన్ వలి గారు గబుక్కున బయటికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖం కడుక్కుని ఉన్నారు. పాతికేళ్ళ పరిచయం వాళ్ళది. ఎన్నో మిషన్లు చచ్చిపోవడం చూశాను గాని, అంతగా బాధపడింది ఆ రోజే.

బాధపడుతూ కూర్చుంటే జీతం ఇవ్వరు. కంప్యూటరు పనిలో ఏదైనా పోయినప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఏం పోయింది అని కాదు. తీసినవాడికి ఏది తీసే అధికారం ఉంది అని. ప్యాకేజీ మేనేజరు తన జాబితాలో ఉన్నవే తీస్తుంది. సిస్టం ఫోల్డరులోవి దాని జాబితాలో ఉంటాయి. మనుషుల సొంత ఫోల్డర్లు ఉండవు. లినక్స్‌లో లాగిన్ అయ్యే ప్రతి మనిషికీ ఒక హోం ఫోల్డరు ఉంటుంది. చాలా ప్రోగ్రాములు ఒక్కో మనిషి ఇష్టాయిష్టాల్ని ఆ మనిషి హోం ఫోల్డరులో, కంటికి కనపడని చిన్న ఫోల్డరులో దాచుకుంటాయి. ఎంత పూర్తిగా తొలగించమన్నా ప్యాకేజీ మేనేజరు వాటిని ముట్టుకోదు. అంతకు ముందు నాకు చిరాకు తెప్పించే మురికి ఇదే. ఎన్నో మిషన్లలో చేత్తో ఏరి పారేశాను.

మస్తాన్ వలి గారి హోం ఫోల్డరులో అలాంటిది ఉంది. ఆశగా తెరిచాను. అందులో కిటికీ సైజు, అక్షరాల సైజు తప్ప ఏమీ లేవు. ఆయన కేవలం చదివేవారు, సవరణలు చేసేవారు కాదు. అప్పుడు ఊరికే, ఇంకేమీ తోచక అడిగాను. ఈ మిషన్ మీద మీరు కాక ఇంకెవరైనా కూర్చునేవాళ్ళా అని.

మస్తాన్ వలి గారు తల గోక్కుని, “ఇంకెవురండీ, సిద్ధాంతి గారే. ఆయనకి వేరే పేరుందిగా ఇందులో” అన్నారు.

వేరే పేరు ఎందుకని అడిగాను. ఆయన సిగ్గుపడుతూ చెప్పిన సంగతి ఇది. ఆయన లాగిన్ తెరిస్తే వెనక ఒక సినిమా హీరోయిన్ బొమ్మ వస్తుంది. శర్మ గారు గణితం మొదలుపెట్టేముందు మనసులో గణపతిని తలుచుకుంటారు. గణపతిని తలుచుకుని కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ పిల్ల. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు, బొమ్మన్నా మార్చు, నాకు వేరే దారన్నా చూపించు అన్నారట. బొమ్మ మార్చడం మస్తాన్ వలి గారికి ఇష్టం లేదు. అందుకని నాకంటే ముందున్న ఇంజనీరు చేత శర్మ గారికి వేరే లాగిన్ పెట్టించి, వెనక వినాయకుణ్ణి పెట్టించారు. “మేం దాన్ని మడి లాగిన్ అంటాంలెండి” అన్నారు. శర్మ గారు కళ్ళు మూసుకునే, “ఆ పిల్ల మీద నాకేం కోపం లేదమ్మాయ్. చవితి తిథి లెక్క కడుతుంటే నవ్వుతోంది, అదీ బాధ” అన్నారు.

నేను అప్పటికే శర్మ గారి హోం ఫోల్డరు దగ్గరున్నాను. అక్కడ ఏమున్నాయో తెలిస్తే గాని నాకు నవ్వు వచ్చేలా లేదు. మామూలు లాగిన్‌కి సిస్టం ఫోల్డరులో రాసే అధికారం ఉండదు. కాబట్టి శర్మ గారు ఆ లాగిన్‌లో కూర్చుని సవరణ చేసి భద్రపరిచిన ప్రతిసారీ, ప్రోగ్రాం దాన్ని ఆయన సొంత ఫోల్డరులోనే రాసి ఉండాలి. ఉండాలి అనుకోవడం వేరు, ఉండటం వేరు. దాచిన ఫైళ్ళు కూడా చూపించమని అడిగాను. వరసలో నాలుగోది, పేరు ముందు చుక్కతో, పంచాంగం.

ముందు తెరవలేదు. మొదట దాన్ని మొత్తంగా ఒక సీడీ మీదికి, ఆ తర్వాత నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. పద్ధతి పద్ధతే. కంగారులో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ పద్ధతిగా ఉండాలి. అప్పుడు శర్మ గారి పేరుతో లాగిన్ అయి పాత ప్రోగ్రాం తెరిచాను. ఊరు: వేటపాలెం. సవరణల గళ్ళు నిండుగా ఉన్నాయి.

మస్తాన్ వలి గారికి చదవమని సైగ చేశాను. ఆయన గొంతు సవరించుకుని, సర్వజిత్తు నామ సంవత్సరం, చైత్ర శుద్ధ పాడ్యమి అని మొదలుపెట్టి చదివారు. తిథి అంత్యం చదివారు. “ఊఁ” అన్నారు శర్మ గారు. నక్షత్రం. “ఊఁ.” విదియ. “ఊఁ.” మస్తాన్ వలి గారి గొంతు పెరిగిపోతోంది. తదియ దగ్గరకు వచ్చేసరికి పక్క జీడిపప్పు యూనిట్ ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. ఏకాదశి దాకా ఒక్కటీ తప్పలేదు. శర్మ గారి గుడ్డ కట్టని కంట్లోంచి నీళ్ళు కారాయి. డాక్టరు ఏడవొద్దన్నారండీ అని మస్తాన్ వలి గారు కేకలేశారు, తను ఏడుస్తూనే.

ఇంతకీ ఎక్కడ దొరికిందమ్మా అని శర్మ గారు అడిగారు. పేరు ముందు చుక్క పెడితే ఆ ఫోల్డరు మామూలుగా కనపడదండీ, ఆ చుక్క వెనక ఉంది అని చెప్పాను. ఆయన తొడ చరుచుకుని నవ్వారు. “ఇరవై ఏడు చుక్కలూ ఒక చుక్క వెనక దాక్కున్నాయన్నమాట!” అన్నారు. తర్వాత అది కనపడినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుకున్నారని విన్నాను. నాకు జీడిపప్పు యూనిట్ వాళ్ళు ఒక పొట్లం ఇచ్చారు. ఉద్యోగ ధర్మం ప్రకారం వద్దనాలి. వేడివేడిగా ఉండటం వల్ల అనలేకపోయాను.

ఆ సంవత్సరం పంచాంగం పాత ప్రోగ్రాంతోనే తయారై ఉగాదికి ముందే ఊళ్ళకు చేరింది. సవరణల్ని కొత్తదానిలోకి వేసవిలో తీరుబడిగా ఎక్కించి, రెండూ కలిశాయని శర్మ గారు ఊఁ కొట్టాక, పాతదాన్ని తీసేశాం. ఈసారి తీసింది నేనే. మస్తాన్ వలి గారు మౌస్ ముట్టుకోనన్నారు.

ఒంగోలు శాఖలో ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. ఒకటి, ఫోన్‌లో ఖాతాదారులతో ‘తీయండి’ అనే మాట వాడకూడదు. మొదట జూనియర్లు ‘తెరవండి’, ‘తొలగించండి’ అని రేడియో వార్తల్లోలా మాట్లాడారు. ఖాతాదారులు నవ్వేసరికి ‘ఓపెన్ చేయండి’, ‘డిలీట్ చేయండి’ దగ్గర స్థిరపడ్డారు. తెలుగు మాట మానేయించినందుకు నాకు కొంచెం బాధగానే ఉండేది. కానీ ఆ మాటకు రెండు ముఖాలుంటే నేనేం చేయను? రెండు, హోం ఫోల్డర్లను ఊడ్చే నా అలవాటు మానేశాను. ఫినాయిలు మేడం పేరు మాత్రం రిటైరయ్యేదాకా ఉంది.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు, ఒక ప్రోగ్రాంని పూర్తిగా తీసేయడం ఎలా అని. ప్యాకేజీ మేనేజరుకు చెబితే అది తెచ్చినదంతా అది పూర్తిగా తీసుకుపోతుంది. ఆ మాట నమ్మవచ్చు. కానీ వాడినవాళ్ళు అందులో చేసి పెట్టుకున్నది దాని లెక్కలోకి రాదు. అది చెత్తా, పంచాంగమా అన్నది ఫైలు చూసి చెప్పలేం. ఎవరు చేశారో వాళ్ళనే అడగాలి. తీయడానికి కమాండు ఉంది. అడగడానికి లేదు. రైలెక్కి వెళ్ళాల్సిందే.